విక్టర్ పతకంతో రియాద్ నుంచి తబూక్ దాకా

తబూక్ చూద్దామని నేను పోలేదు. రియాద్‌లో సులై దగ్గర మా పంపుల వర్క్‌షాపు ఉంది. దాని సూపర్‌వైజర్ విక్టర్ రష్యా మనిషి. తబూక్ బయట ఒక పెద్ద వ్యవసాయ ఫారంలో మోటార్లు బిగించడానికి పోయి అక్కడే గుండె ఆగి చనిపోయాడు. కాగితాలన్నీ అయ్యేసరికి చాలా రోజులు పట్టింది. చివరికి ఒక మంగళవారం ఫారంలో మెకానిక్‌గా ఉన్న రుస్తమ్ నాకు ఫోన్ చేశాడు. రుస్తమ్‌ది ఉజ్బెకిస్తాన్. రష్యన్ వచ్చు, పాకిస్తానీలతో పనిచేసి ఉర్దూ కూడా నేర్చుకున్నాడు. శవం గురువారం పొద్దున్న కదులుతుందని, వెంట తనే పోతున్నానని చెప్పాడు. విక్టర్ కూతురు ఒక్కటే అడుగుతోందట. నాన్న పతకం, దానితో ఇచ్చిన చిన్న ఎర్ర పుస్తకం శవంతో పాటే రావాలి. వాళ్ల పద్ధతిలో పతకాన్ని ఎర్ర దిండు మీద పెట్టి సాగనంపుతారట. అది లేకుండా తండ్రిని మట్టిలో పెట్టనని ఏడుస్తోందట. పతకమేమో సులైలో, విక్టర్ గదిలో ఉంది.

మా క్యాంపు ఇన్‌చార్జి హైదరాబాద్ ఆయన. పోయి చెబితే, ‘టెన్షన్ వద్దు, లగేజ్ మొత్తం నెక్స్ట్ మంత్ కార్గోలో వేసేద్దాం’ అన్నాడు. నాకు ఒళ్లు మండింది. మెట్‌పల్లి రాజన్న నా పక్క మంచం మనిషి. ఆయన పోయినప్పుడు కూడా ఇదే మాట విన్నాను. శవం ఇంటికి చేరింది, బ్యాగు చేరలేదు. ఆయన భార్య ఇప్పటికీ నాకు ఫోన్ చేసి అడుగుతుంది.

“రాజన్న బ్యాగు ఏ కార్గోల వోయింది సార్? ముందుగాల గది చెప్పుండ్రి” అన్నాను.

ఆయన విక్టర్ గది తాళం బల్ల మీద పడేసి, పోయేది ఉంటే నువ్వే పో, రెండు రోజుల జీతం కట్ అన్నాడు. పోతా అన్నాను.

విక్టర్ మంచివాడు కాబట్టి పోయాననుకోకండి. నోటికొచ్చినట్టు తిట్టేవాడు. ఒకసారి పంపు సీలు తిరగేసి బిగించానని రెంచి నా కాళ్ల దగ్గరికి విసిరాడు. వారం రోజులు మాట్లాడుకోలేదు. ఏడాదిలో ఒక్క రోజు మాత్రం ఉతికిన చొక్కాకు ఆ పతకం పెట్టుకుని వర్క్‌షాపుకు వచ్చేవాడు. మేము చాటున ‘కండక్టర్ బిళ్ల’ అని నవ్వుకునేవాళ్లం. అదేంటో తర్వాత ఫోన్లో వెతికి తెలుసుకున్నాను. పితృభూమికి చేసిన సేవకు రష్యా ప్రభుత్వం ఇచ్చే పెద్ద గౌరవమట. నాలుగు తరగతులు ఉంటాయి, ఆయనది నాలుగోది. ఎర్రటి శిలువ ఆకారం, మధ్యలో రెండు తలల గద్ద, ఎర్ర పట్టీ. సైన్యంలో చేసిన పనికి ఇస్తే దాని మీద అడ్డంగా రెండు కత్తులు కూడా ఉంటాయి. విక్టర్ పతకానికి కత్తులు లేవు. కుర్రతనంలో సైన్యంలో ఉన్నా, ఇది మాత్రం తర్వాత ఊళ్లకు మంచినీళ్ల పంపులు నడిపినందుకు వచ్చిందని ఒకసారి ఆయనే చెప్పాడు. అదే పంపుల పని మేమూ చేస్తున్నాం. మా చొక్కాలకు గ్రీజు మరకలు తప్ప ఏమీ అంటలేదు. ఆ మంట నాకు అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది.

పతకం, ఎర్ర పుస్తకం విక్టర్ గదిలోంచి తీసి గుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకున్నాను. ఇక దిండు. మా వర్క్‌షాపు పక్కనే సోఫాల దుకాణం. అందులో కుట్టే మస్తాన్ భాయ్‌ది కడప. విషయం చెబితే పని ఆపి మరీ విన్నాడు. శవం తల కింద దిండు పెట్టి, దాని మీదే పతకం ఉంచుతారని నేననుకున్నాను, ఆయనా అదే అనుకున్నాడు. మిగిలిన ఎర్ర మఖమల్ గుడ్డ తీసి మంచం దిండంత కుట్టాడు. దుకాణంలో అంతా స్పాంజే ఉంటే, ఎక్కడినుంచో దూది తెచ్చి నింపాడు.

“యాడికో అంత దూరం పోయే మనిషి తమ్ముడా. తలకాయ కింద మెత్తగా ఉండాల” అన్నాడు.

బుధవారం మధ్యాహ్నం సులై నుంచి అజీజియా బస్టాండుకు టాక్సీలో ముప్పై అయిదు రియాళ్లయింది. తబూక్ టికెట్ రెండు వందల ముప్పై. ఇఖామా, అంటే సౌదీలో ఉండే కార్డు, చూపించనిదే టికెట్ ఇవ్వరు, ఫోన్లో చూపినా చాలు. బస్సు మూడింటికి కదిలింది. బురైదా, హాయిల్ మీదుగా పోతుంది, పదిహేను గంటలకు పైనే పడుతుంది. విమానంలో రెండు గంటలే, కానీ ముందురోజు కొంటే రేటు మాలాంటి వాళ్లకు అందదు. బురైదా దాటాక ఒక పెట్రోలు బంకు దగ్గర తిండికి ఆపారు. పన్నెండు రియాళ్లకు కోడి, అన్నం పెట్టారు. వడ్డించే బంగ్లాదేశ్ అతను నా చంకలో దిండు చూసి, సీటు బాగుండదని తెలిసే ఇంటినుంచి తెచ్చుకున్నావా అని నవ్వాడు. దిండు ఎవరి కోసమో అతనికి చెప్పాను. ఆ తర్వాత అతను నవ్వలేదు, ఇంకో గరిటె అన్నం వేసి పోయాడు. హాయిల్ దాటాక చలి మొదలవుతుంది. శీతాకాలంలో పోయేవాళ్లు స్వెటర్ పెట్టె అడుగున పెట్టకుండా చేతిలోనే ఉంచుకోండి.

తెల్లవారాక తబూక్ ముందు చెక్‌పోస్టులో బస్సు ఆపారు. పోలీసు ఇఖామాలు చూస్తూ వచ్చి నా సంచి తెరిచాడు. గుడ్డ విప్పగానే శిలువ కనపడింది. నా వైపు చూశాడు. నా అరబ్బీ పంపులకు, తిండికి సరిపోతుంది, అంతే. ‘రష్యా ప్రభుత్వం, పని మెడల్, మనిషి చనిపోయాడు, కూతురు’ అని నాలుగు ముక్కలు చెప్పాను. ఎర్ర పుస్తకంలో విక్టర్ పేరు, నా కంపెనీ కార్డు పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాడు. మళ్లీ గుడ్డలో చుట్టి తనే సంచిలో పెట్టాడు. ఆ చూడటంలో బస్సు అరగంట ఆగింది. వెనక సీట్లలో వాళ్లు నన్ను తిట్టుకున్నారు. తిట్టుకోనీ అనుకున్నాను.

తబూక్‌లో దిగేసరికి ఎనిమిదిన్నర. శవం తొమ్మిదిన్నరకు ఆస్పత్రి దాటాలి. పెషావర్ డ్రైవర్ ఒకతను ముప్పై అడిగితే బేరం ఆడకుండా ఎక్కాను. మార్చురీ ఆస్పత్రి వెనక గేటు వైపు ఉంటుంది. ముందు గేటులో దిగితే చుట్టూ తిరగాలి, ఆ సంగతి అతనే చెప్పి వెనక్కి తీసుకుపోయాడు.

రుస్తమ్ గేటులోనే నిలబడి ఉన్నాడు. యాభై దాటిన మనిషి, కళ్లు ఉబ్బి ఉన్నాయి. నన్ను పట్టుకుని ఊపేశాడు. తర్వాత దిండు చూశాడు. ముందు అర్థం కాలేదు, అర్థమయ్యాక పొట్ట పట్టుకుని నవ్వాడు.

“ఇది పడుకోవడానికి కాదు కొడకా. అరచేతంత ఉండాలి. పతకం గుచ్చి, పెట్టె ముందు ఒక మనిషి పట్టుకుని నడవాలి” అన్నాడు ఉర్దూలో.

పెట్టెకు అప్పటికే సీలు వేశారు. తల కింద పెట్టడానికి దారి లేదు. అయితే ఇక్కడే నడుద్దాం, ఇంత దూరం తెచ్చాను కదా అన్నాను. రుస్తమ్ నవ్వు ఆపేశాడు. ఊళ్లో ఎలాగూ నడుస్తారు, ఇక్కడ ఈయనతో పనిచేసింది మనమే కదా అన్నాడు. జేబులోంచి పిన్నులు తీసి దిండు మధ్యలో పతకాన్ని గుచ్చాడు. అంత పెద్ద ఎర్ర దిండు మీద అది నిజంగా చిన్న బిళ్లలా కనపడింది.

కంపెనీ ప్రభుత్వ పనులు చూసే మందూబ్ అప్పుడే కాగితాలతో వచ్చాడు. సుడాన్ మనిషి, తెల్ల జుబ్బా. దిండు చూసి ఆగిపోయాడు. ‘శిలువా? ఇక్కడా?’ అన్నాడు. ఎవరైనా ఫోటో తీస్తే ముందు ఊడేది తన ఉద్యోగమని, సంచిలో పెట్టమని చెప్పాడు. నాకు కోపం నెత్తికెక్కింది. మీ కాగితాల కోసం ఇన్నాళ్లు ఐస్‌లో పడుకున్నాడు, గడప నుంచి బండి దాకా పది అడుగులు మనిషిలా పోనివ్వలేవా అని హిందీలో, అరబ్బీలో, మధ్యలో తెలుగులో అరిచాను. రుస్తమ్ నా భుజం నొక్కి పక్కకు జరిపాడు. గట్టిగా మాట్లాడలేదు. పతకాన్ని తిప్పి వెనక ఉన్న మూడు మాటలు చూపించాడు. ప్రయోజనం, గౌరవం, కీర్తి అని అర్థమట. ఇది పూజకు కాదు, నీళ్లు ఇచ్చినందుకు ప్రభుత్వం ఇచ్చింది అన్నాడు.

మందూబ్ దాని వైపు చూస్తూ, వాళ్ల ఊళ్లకు నీళ్లు తెచ్చింది ఇతనేనా అని అడిగాడు. అవునన్నాడు రుస్తమ్. మందూబ్ జేబులోంచి ఫోన్ తీసి చెవి దగ్గర పెట్టుకున్నాడు. అది మోగలేదు.

“నేను ఫోన్ మాట్లాడుతున్నా. ఇటు చూడను. గేటు దాటే ముందు మాత్రం సంచిలో ఉండాలి” అన్నాడు. గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

ఇద్దరు ఆస్పత్రి కుర్రాళ్లు ట్రాలీ తోశారు. రుస్తమ్ పెట్టె మీద చెయ్యి వేసి నడిచాడు. ముందు నేను, రెండు చేతుల మీద దిండు. ఎంత నెమ్మదిగా నడవాలో తెలియలేదు. వెనక చక్రాల చప్పుడు దగ్గరికి వస్తే నడిచాను, ఆగితే ఆగాను. బండి దగ్గర డ్రైవర్ సిగరెట్ పారేసి నిలబడ్డాడు. పెట్టె ఎక్కించాక రుస్తమ్ పిన్నులు తీసి పతకాన్ని, పుస్తకాన్ని చొక్కా లోపలి జేబులో పెట్టుకుని గుండీ వేసుకున్నాడు. దిండు నాకిస్తాడనుకున్నాను, ఇవ్వలేదు. విమానంలో నా తలకే పెట్టుకుంటా, దిగాక కూతురికి చూపిస్తా అన్నాడు. మందూబ్ అప్పుడు ఫోన్ దించాడు.

సాయంత్రం బస్సులో వెనక్కి వస్తూ నా మీదే నాకు కోపం వస్తుందేమో అనుకున్నాను. జీతం పోయింది, నడుము పట్టేసింది. అయినా కోపం రాలేదు. ప్రభుత్వం ఇచ్చిన బిళ్ల గొప్పదా కాదా నాకు తెలియదు, కూతురు అడిగింది కాబట్టి చేరాలి, చేరుతుంది. ఒక్కటి మాత్రం తెలిసింది. మా క్యాంపు నుంచి ఇన్నేళ్లలో ఎన్నో పెట్టెలు పోయాయి. వాటి ముందు ఎవరమూ నడవలేదు. నడవొద్దని ఎవరూ అనలేదు. మేమే అడగలేదు.

గల్ఫ్ పనికి పోయేవాళ్లకు ఒక్క మాట. మీ గదిలో ఎవరైనా చనిపోతే ఆ రోజే ఇంటికి ఫోన్ చేసి, వాళ్లకు అన్నిటికన్నా ముఖ్యంగా కావాల్సిన వస్తువు ఏదో అడగండి. అది కార్గోలో వేయకండి, శవంతో పోయే మనిషి జేబులో పెట్టి పంపండి.