పాడ్యమి నాడు వచ్చేవాళ్లు

ఉగాది వెళ్లిన వారానికి, నేను ఆఫీసులో ఉండగా ఫోనొచ్చింది. అంకుల్ కూతురు. "అక్కా, డాడీ ఈజ్ గాన్" అంది. ఏడవడం లేదు, ఏదో నమ్మలేనట్టుంది గొంతు. పొద్దున్న కాఫీ తాగి, పేపరు మడిచి ఒళ్లో పెట్టుకుని, కుర్చీలోనే వెళ్లిపోయారట. తను జురాంగ్ ఐలాండ్‌లో డ్యూటీకి బయల్దేరుతూ "బై డాడీ" అంటే పలకలేదట. నేను టాక్సీలో టోవా పాయోలో వాళ్లింటికి చేరేసరికి ఆ పేపరు ఇంకా బల్ల మీదే ఉంది. దాన్ని చూశాక నాకు ఏడుపు ఆగలేదు.

ఆయన నాకు చుట్టం కాదు. నాకు గది అద్దెకిచ్చిన ఇంటాయన, అంతే. శ్రీకాకుళం వైపు మనిషి. పద్దెనిమిదో ఏట ఓడెక్కి సింగపూర్ వచ్చి, రేవులో ఒక స్టోరులో గుమాస్తాగా చేరి, ఆ పనిలోనే రిటైరయ్యారు. ఆంటీ నేను రాకముందే పోయారు. తండ్రీ కూతుళ్లిద్దరే ఉండే ఆ ఫ్లాట్‌లో మూడో గది నాది. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు తేదీలు తప్పుతాయన్న వైటూకే భయం పుణ్యమా అని నాలాంటివాళ్లు హైదరాబాదు నుంచి విమానాల నిండా వచ్చి ఇక్కడ దిగుతున్న రోజులవి. తెలుగువాళ్లు ఎక్కడ కలిసినా ఏ కంపెనీ, ఏ లాంగ్వేజి అనే అడిగేవారు. అంకుల్ మాత్రం మొదటి రోజు "ఏ సంవత్సరంలో పుట్టావమ్మడూ?" అని అడిగారు. చెప్పాను. "ఓహో" అని ఊరుకున్నారు. ఆయనకి యాభైమూడు తప్ప వేరే సంవత్సరాల మీద పెద్దగా ఆసక్తి లేదని తర్వాత తెలిసింది.

పంతొమ్మిది వందల యాభైమూడులో లోకంలో ఏం జరిగినా అది ఆయనకి సొంతింటి సంగతే. ఆయన ఓడ దిగిన వారంలోనే రష్యా పెద్దాయన పోయాడు. రేవులో అందరూ ఎవరో పోయారని చెప్పుకుంటుంటే, అంకుల్ పక్కవీధి మనిషనుకుని "పాపం, పిల్లలెందరు?" అని అడిగారట. ఈ ముక్క చెప్పి ప్రతిసారీ తనే ముందు నవ్వేవారు. జూన్ రెండున లండన్లో రాణిగారి పట్టాభిషేకం. ఇక్కడ ఊరేగింపులు, రేవు పొడుగునా దీపాలు. ఆ సంబరంలోనే ఎవరెస్టు ఎక్కేశారన్న కబురు. జూలై ఆఖర్లో కొరియాలో యుద్ధం ఆగింది. అక్టోబరు ఒకటిన కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. ఇక్కడున్న నలుగురు తెలుగువాళ్లూ ఒక గదిలో చేరి మిఠాయి పంచుకున్నారట. అంకుల్ తినలేదు. "వాళ్లకి రాష్ట్రం వచ్చిందమ్మడూ, నాకు అమ్మ పోయింది. ఏడాది తిరక్కుండా నోరు తీపి చేసుకోకూడదు కదా" అన్నారు నాతో, అది మొన్నమొన్న జరిగినట్టు.

అమ్మ పోయిన సంగతి ఆయనకి కొరియా యుద్ధం ఆగిన వారంలో తెలిసింది. అన్నయ్య రాసిన ఉత్తరం. అప్పటికి అంకుల్ రెండు బసలు మారడంతో, అది చేతులు మారి మారి ఎప్పటికో అందింది. అందులో తేదీ లేదు, తిథి లేదు. "ఎవరెస్టు ఎక్కిన రోజున అమ్మ పోయింది, కర్మలన్నీ సక్రమంగా జరిగాయి, నువ్వు దిగులు పడకు" అని ఉంది. అన్నయ్య కూడా తమ్ముడి లాంటివాడేనేమో, తేదీ కన్నా పెద్ద కబురే గుర్తుంటుందనుకున్నాడు. అంకుల్ పాత పేపర్లు వెతికారు. ఎవరెస్టు ఎక్కింది మే ఇరవై తొమ్మిదిన. పంచాంగం తెలిసిన ఒక పెద్దాయన దగ్గరికి వెళ్తే, వైశాఖ పున్నమి మర్నాడు, బహుళ పాడ్యమి అని చెప్పాడు. అది మొదలు ఏటా వైశాఖ బహుళ పాడ్యమికి అమ్మ తద్దినం.

ఆ వంట అంకులే చేసేవారు. నన్నూ కూతుర్నీ వంటింట్లోకి రానిచ్చేవారు కాదు. తెల్లారకముందే తలస్నానం చేసి, తడి పంచెతో గారెలకి పప్పు రుబ్బుకునేవారు. అరటికాయ కూర, పెరుగు పచ్చడి, పరమాన్నం. గుడి నుంచి పూజారిగారు వచ్చి మంత్రం చెప్పి వెళ్లేవారు. భోజనాలయ్యాక ఆకులు తీసి, హాల్లో నేల మీద కూర్చుని వాళ్లమ్మ గురించి చెప్పేవారు. ఆవిడ మనిషి పొట్టి అట, గొంతు పెద్దదట. ఓడెక్కుతానంటే మూడు రోజులు మాట్లాడలేదట, నాలుగో రోజున జంతికలు వండి డబ్బాలో పోసి ఇచ్చిందట. "లోకంలో ఏటి జరిగినా, ఆ వేళకి మనం ఎక్కడున్నామో గుర్తుంటాదమ్మడూ. మనింట్లో జరిగిందానికే మనం ఉండం" అనేవారు.

నా నోరు జారింది కూడా అలాంటి ఒక తద్దినం రోజునే. తొంభైతొమ్మిది, వైటూకే గొడవ జోరుగా ఉన్న ఏడాది. కంటైనర్ల కంపెనీ వాళ్ల ప్రోగ్రాములు సరిచూడటం నా ఉద్యోగం. పొద్దస్తమానం తేదీలే నా పని. సరుకు రేవులో దిగిన తేదీ ఒకటి, అది కంప్యూటర్‌లోకి ఎక్కిన తేదీ ఇంకొకటి. ఒకదానికి బదులు ఇంకొకటి వాడిన చోటల్లా తప్పు దొరికేది, దొరికినప్పుడల్లా మా మేనేజరు భుజం తట్టేవాడు. ఆ పొగరు నా నెత్తికెక్కి ఉంది. అంకుల్ ఉత్తరం సంగతి చెబుతుంటే, పరమాన్నం గిన్నె నాకుతూ ఠక్కున అనేశాను.

"అదెలా అంకుల్? ఇరవై తొమ్మిదిన ఆ సంగతి కొండ మీద వాళ్లకి తప్ప ఎవరికీ తెలీదు కదా. లోకానికి తెలిసింది జూన్ రెండున. మీ అన్నయ్య 'ఎక్కిన రోజు' అన్నారంటే, కబురు విన్న రోజనే కదా!"

అంకుల్ కూతురు నా మోచేతి మీద గిల్లింది. అప్పటికే ఆలస్యమైంది. అంకుల్ చేతిలో ఆకుల కట్ట ఉంది. దాన్ని కింద పెట్టలేదు, పారెయ్యడానికి లేవలేదు.

"నలభై ఆరేళ్లమ్మా" అన్నారు. "అయితే ఇన్నాళ్లూ నేను ఎవరికి పెట్టినట్టు?"

"నాకు పంచాంగం గురించి తెలీదు అంకుల్, ఊరికే అన్నాను" అని ఏదో గొణిగాను. నేను అన్నది తప్పయితే బాగుండునని నా ఉద్యోగంలో ఎన్నడూ అనుకోలేదు. ఆ పూట అనుకున్నాను.

ఆ తర్వాత కొన్ని వారాలు ఆయన పేపరు తిరగేసేవారు గానీ చదివేవారు కాదు. పలకరిస్తే పలికేవారు. యాభైమూడు ఊసు మాత్రం ఎత్తలేదు. ఒక ఆదివారం పొద్దున్న నేనే ధైర్యం చేసి, ఊళ్లో ఎవర్నైనా అడగొచ్చు కదా అన్నాను. అన్నయ్య పోయి చాన్నాళ్లయింది. వదిన ఉంది. మరి అన్నయ్య ఉండగా ఇన్నేళ్లలో ఎప్పుడూ ఎందుకు అడగలేదంటే, అంకుల్ నా వైపు చూడకుండా చెప్పారు.

"తల్లి పోయిన తిథి అన్నని అడిగే కొడుకుంటాడేటమ్మా? అడిగితే, నీకు తెలీదా అంటాడు. ఆ మాట పడలేక అడగలేదు."

ఇంకో మాట కూడా అన్నారు. అది ఇక్కడ రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను. ఆయన నాకు ఇచ్చిన మాటల్లో అన్నిటికన్నా నిజమైనది అదే కాబట్టి రాస్తున్నాను. "ఇరవై తొమ్మిదిన నేను స్టోరులో తాళ్లు సర్దుకుంటున్నానమ్మడూ. రెండో తారీఖున ఊరేగింపులో ఉన్నాను. దీపాలు చూస్తూ, ఐస్ తింటూ, ఈలలు వేస్తూ. అమ్మ పోయిన వేళకి నేను పని చేసుకుంటున్నాననుకుంటే ఏదోలా బతకొచ్చు. తెలిసే ఆ తేదీ పట్టుకున్నానేమో."

ఫోన్ కార్డు తెచ్చి నేనే నంబరు నొక్కాను. వాళ్ల పక్కింట్లో ఫోను. ఆవిడని పిలుచుకొచ్చేదాకా అంకుల్ రిసీవరు చెవికి ఆనించుకుని నిలబడే ఉన్నారు. ఆవిడ గొంతు ఎంత పెద్దదంటే బల్లకి ఇవతల కూర్చున్న మాకూ వినిపించింది.

"తిథి అడుగుతున్నావేటి మరిదీ? నువ్వు పెట్టట్లేదేటి?"

"పెడుతున్నాను వదినా. సరిచూసుకుందామని."

"వైశాఖ బహుళ పంచమి. ఆ దినం మునసబు గారింటి రేడియోలో కొండెక్కీసినారని సెప్తున్నారు, ఇక్కడ మీయమ్మ పోనాది. మీ అన్న ఉన్నన్నాళ్లూ పంచమికే పెట్టినాడు. నువ్వేనాడు పెడుతున్నావు?"

అంకుల్ చెప్పారు.

"ఓస్, అంతేనా" అంది ఆవిడ. "నాలుగు దినాలు ముందే కదా. సముద్రం దాటి నీ ఇంటికి రావాలి, ముందే బయల్దేరుంటాది ముసల్ది. నీ దగ్గర తినీసి, పంచమికి ఇక్కడికొచ్చి మళ్లీ తినుంటాది. నువ్వు ఏడవకు మరిదీ."

ఆయన ఏడ్చారు. కూతురు వెనక నుంచి ఆయన్ని పట్టుకుని నిలబడింది. నేను బాల్కనీలోకి వెళ్లి ఆరేసిన బట్టలన్నీ తీసి, మళ్లీ ఆరేశాను.

ఆ మరుసటి ఏడు వైశాఖం వచ్చింది. పంచమికి మారిపోతారనే అనుకున్నాను. పాడ్యమి నాడు తెల్లారకముందే వంటింట్లో పప్పు రుబ్బుతున్న చప్పుడు. కూతురు కళ్లు నులుముకుంటూ లేచొచ్చింది. "డాడీ, టుడే ఈజ్ నాట్ ద డే లా. పెద్దమ్మ పంచమి అనే కదా చెప్పింది?" అంది, మధ్యలో ఇక్కడివాళ్ల ఇంగ్లీషులో వచ్చే 'లా' తగిలించి.

"పంచమికి కూడా పెడతాను" అన్నారు అంకుల్. "నలభై ఆరేళ్లు ఈవేళే పిలిచాను. ఎవరో ఒకరు వచ్చి తినే వెళ్లుంటారు. మా అమ్మ అయితే సరే. కాకపోతే, పెట్టే దిక్కు లేని ఇంకెవరో. తప్పు నాదయితే, ఇప్పుడు వాళ్లని రావద్దని ఎలాగ చెప్పను?"

ఆ రోజుకి పూజారిగార్ని పిలవలేదు. పేరూ గోత్రమూ తెలియనివాళ్లకి మంత్రం ఎవరు చెబుతారు? వండి, ఆకు వేసి, వడ్డించి, వీధి తలుపు తీసి పెట్టి, "రండి" అన్నారు. అంతే. తర్వాత ఆ ఆకులో అన్నం తీసుకెళ్లి కింద పక్షులకి పెట్టారు. నాలుగు రోజులు పోయాక పంచమి నాడు అమ్మకి శాస్త్రోక్తంగా పెట్టారు. పోయేదాకా ఏటా రెండుసార్లు. నాకు పెళ్లయి యీషున్‌కి మారిపోయాక కూడా ఆ రెండు రోజులూ సెలవు పెట్టి వెళ్లేదాన్ని. ఆయన ఒక్కసారి కూడా నన్ను తప్పుపట్టలేదు. "నువ్వు చెప్పకపోతే, పంచమి నాడు మా అమ్మ నా గుమ్మంలోకి వచ్చి ఊరికే తిరిగెళ్లేదమ్మడూ" అనేవారు. నిజంగా అలా అనుకున్నారో, నా మనసు కుదుటపరచడానికి అన్నారో ఇప్పటికీ తెలియదు. అడిగి ఉండాల్సింది. నేనూ అడగలేకపోయాను.

అంకుల్ పోయిన పదో రోజున కూతురు నన్ను పక్కకి పిలిచింది. ఇంటికొచ్చి చూసిన డాక్టరు ఇచ్చిన కాగితంలో నిమిషాలతో సహా టైము ఉంది కాబట్టి ఆయన తిథికి ఏ ఇబ్బందీ లేదు. తన బెంగ వేరే.

"నాయనమ్మది పంచమి. అది నేను టెంపుల్‌లో చేయిస్తాను అక్కా, ప్రామిస్. కానీ పాడ్యమి... దట్ వన్ ఈజ్ ఫర్ నోబడీ, రైట్? డాడీ లేరు కదా. ఆపేద్దామా?"

సరే అనబోయాను. తనకి షిఫ్టు డ్యూటీలు, ఒంటరి పిల్ల, ఎన్నని చేస్తుంది? కానీ ఆ తద్దినం రోజు గుర్తొచ్చింది. నేను ఆ పూట గిన్నె నాకుతూ తెలివి చూపించేదాకా, పాడ్యమి నాడు ఆ ఇంటికి వచ్చేది అంకుల్‌ వాళ్లమ్మే. నలభై ఆరేళ్లు ఒక కొడుకు చేతి వంట తిని వెళ్లిన మనిషిని, ఒక్క మాటతో ఎవరూ కాకుండా చేసింది నేను.

"అది నాకు వదిలెయ్" అన్నాను.

ఈ రోజే పాడ్యమి. సెలవు పెట్టి, యీషున్‌లో మా ఇంట్లోనే వండాను. నాకు ఆయనలా గారెలు రావు, నాలుగు విరిగిపోయాయి, రెండు మాడాయి. అరటికాయ కూరలో ఉప్పు సరిపోయిందో లేదో రుచి చూడకూడదు కాబట్టి తెలియదు. మధ్యాహ్నం పన్నెండు దాటాక హాల్లో నేల తుడిచి, ఆకు వేసి, అన్నీ వడ్డించి, వీధి తలుపు బార్లా తీశాను. ఏమని పిలవాలో తోచలేదు. చివరికి ఆయన పిలిచినట్టే "రండి" అన్నాను. అన్నం మీద ఆవిరి ఇంకా లేస్తూనే ఉంది. కారిడార్ చివర లిఫ్టు మా అంతస్తులో ఆగింది. ఎవరివో మెల్లటి అడుగులు ఇటువైపే వస్తున్నాయి. నేను చేతులు తుడుచుకుని లేచి నిలబడ్డాను.