బ్లేడుకు బొట్టు, సర్వర్లో బొరుగు

ఆ రోజుల్లో నాకు తెలియని సంగతంటూ లోకంలో లేదని నా గట్టి నమ్మకం. (ఇప్పుడు జీతం పెరిగింది, నమ్మకం తగ్గింది.) పెనుకొండ నుంచి రోజూ బస్సెక్కి ధర్మవరం వెళ్లి, ఒక పట్టుచీరల కంపెనీలో కంప్యూటర్లు చూసుకునేదాన్ని. అంచుల, కొంగుల డిజైన్లన్నీ ఆఫీసు వెనక గదిలోని బ్లేడ్ సర్వర్లో ఉండేవి. బీరువా అరలో పుస్తకాలు నిలబెట్టినట్టు ఒకే పెట్టెలో పలచటి కంప్యూటర్లు పక్కపక్కన దూర్చి ఉంటాయి. ఒక్కోదాన్ని బ్లేడ్ అంటారు. ఆ పెట్టెలోనే ఒక చిన్న కార్డు కూడా ఉంటుంది. దాని పుణ్యాన బెంగళూరులో కూర్చున్న ఇంజనీరు సారు మా పెట్టె ఎంత వేడెక్కిందో, ఫ్యాన్లు తిరుగుతున్నాయో లేదో చూడగలడు, అక్కడి నుంచే ఏ బ్లేడునైనా ఆపి మళ్లీ వేయగలడు. మా సావుకారుకు ఇది మింగుడుపడలేదు. "ఆడుండి ఈడ అంతా చూస్తాండాడంటే, ఇంగ ఈడ నువ్వెందుకు పాపా?" అని నవ్వుతూ అడిగేవాడు. ఆయన నవ్వుతూ అడిగినా నాకు నవ్వొచ్చేది కాదు. నా ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు మరి.

ఇంతలో ఆయుధపూజ వచ్చింది. మగ్గాలకూ, కత్తెరలకూ, సావుకారు స్కూటరుకూ బొట్లు పెట్టడం అయ్యాక, వాళ్లమ్మ (మేమంతా అవ్వ అనేవాళ్లం) పళ్లెం పట్టుకుని వెనక గదిలోకి వచ్చింది. "దీని పేరేంది పాపా?" అంది. "బ్లేడు సర్వరవ్వా" అన్నాను. "బ్లేడా! మళ్ల ఆయుధం కాక ఇంకేంది?" అని అవ్వ తీర్పు చెప్పేసింది. పెట్టెకు బొట్టు పెడితే చాలదట, అసలు బ్లేడుకే పెట్టాలట. పండగని అన్నీ ముందే ఆపేసి ఉన్నాం. నేను వద్దు వద్దంటున్నా (అవ్వ ముందు నా వద్దులెంత!) సావుకారు మూడో అరలోని బ్లేడును బయటికి లాగాడు. అవ్వ దాని ముందు రేకుకు గంధం రాసి, కుంకుమ పెట్టి, కళ్లు మూసుకుని దండం పెట్టుకుని, ఒక గుప్పెడు బొరుగులు పెట్టె మీదికి చల్లింది. సావుకారు బ్లేడును మళ్లీ లోపలికి నెట్టాడు. అందరం కొబ్బరి ముక్కలు తిని ఇళ్లకు పోయాం.

పండగ మరునాడు అన్ని బ్లేడ్లూ లేచాయి గానీ మూడోది లేవలేదు. పెళ్లిళ్ల సీజను డిజైన్లన్నీ దాంట్లోనే ఉన్నాయి. బెంగళూరు సారుకు ఫోను చేశాను. ఆయన కోస్తా మనిషి, మాట మహా మర్యాద. తెర మీద అంతా చూసి "బ్లేడ్ పోయిందండీ, మార్చాల్సిందే" అన్నాడు. పక్కనే నిలబడి వింటున్న సావుకారు, "ఈ తలనొప్పంతా మనకెందుకు? పెట్టె మొత్తం బెంగళూరుకే పంపిచ్చేద్దాం. ఆడే పెట్టుకోని ఆడే చూసుకుంటారు" అన్నాడు. ఆ పెట్టెతోపాటు నా ఉద్యోగం కూడా అదే లారీ ఎక్కుతుందని నాకు అర్థమైంది. ముందు భయమేసింది, తర్వాత ఒళ్లు మండింది. "సార్, రెండో అరలోదీ మూడో అరలోదీ ఆపండి, అటుదిటు మార్చి చూస్తాను" అన్నాను. ఆయన అక్కడ ఆపాడు, నేను ఇక్కడ మార్చాను. చచ్చిందన్న బ్లేడు రెండో అరలో హాయిగా లేచి కూర్చుంది! మూడో అరలోకి పోయిన మంచి బ్లేడు మూగబోయింది. అంటే తప్పు బ్లేడుది కాదు, అరది. నేను గెలిచానని ఎగరబోతుంటే సారు, "అయితే పెట్టె వెనక బోర్డే పోయి ఉంటుందండీ, అది ఇంకా పెద్ద పని" అన్నాడు. పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టయింది. సావుకారు లారీకి ఫోను చెయ్యడానికి వరండాలోకి వెళ్లాడు.

నేను సారుతో చెప్పి అన్నీ ఆపించి, కరెంటు తీగలు పీకేసి, మూడో అర ఖాళీ చేసి, మోకాళ్ల మీద కూర్చుని లోపలికి టార్చి వేశాను. అర చివర, బ్లేడు పోయి బోర్డుకు అతుక్కునే చోట, తెల్లగా నలిగిపోయి ఒకటి కనిపించింది.

"సార్, బొరుగు!" అని ఫోన్లో అరిచాను.

"పురుగా! బతికుందాండీ?"

"లేదు సార్, వేయించింది."

"వేయించిన పురుగా?" ఆయన గొంతు మారిపోయింది.

"పురుగు కాదు సార్, బొరుగు! తాలింపు పెట్టుకోని తింటాం గదా!"

(మా వైపు మనుషుల తిండి గురించి ఆయన ఆ క్షణంలో ఏమనుకున్నాడో నేను అడగలేదు.) చివరికి "అయ్యో, మరమరాలాండీ!" అని ఆయన పకపకా నవ్వాడు. ప్లాస్టిక్ పట్టుకారుతో బొరుగును తీసి, అర తుడిచి, బ్లేడు పెట్టి కరెంటు ఇచ్చాను. "వచ్చిందండీ, ఇక్కడ పచ్చగా కనిపిస్తోంది!" అని సారు అరిచిన అరుపు వరండా దాకా వినిపించింది. అవ్వ వచ్చి ఆ బొరుగును అరచేతిలో పెట్టుకుని చూసి, "సామి అన్నీ తిని ఒకటి నీకు మిగిలిచ్చినాడు పాపా" అంది. వరండాలో సావుకారు లారీవాడితో, "వద్దులేప్పా, పెట్టె యాడికీ పోదు. చూసేకి బెంగళూరోళ్లుండారు, తీసేకి మా పాప ఉండాది" అంటున్నాడు. నా ఉద్యోగం ఖాయమైందని నాకు తెలిసింది ఆ మాటతోనే. కాగితం తర్వాతెప్పుడో వచ్చింది.

ఇప్పుడు నేనే హిందూపురంలో కూర్చుని ఎక్కడెక్కడి పెట్టెలనో తెర మీద చూస్తుంటాను. ఎర్ర దీపం వెలిగితే, పెట్టె దగ్గర నిలబడినవాళ్లు చెప్పేది పూర్తిగా వినకుండా ఏదీ పోయిందని అనను. ఆ రోజు ఆ బొరుగును పట్టుకున్నందుకు నాకు గర్వమే, దాచుకోవడం దేనికి? ఆ తర్వాత చీరలు కొనడానికి ఎవరొచ్చినా సావుకారు నన్ను పిలిచి, "సర్వర్లో బొరుగు కనిపెట్టింది ఈ పాపే" అని చూపించేవాడు. నేనేమో తల వంచుకుని, "నాదేముంది సార్, ఊరికే టార్చి వేసి చూసినా" అని గొణిగేదాన్ని. ఇప్పుడా పిల్ల పక్కకు పోయి నిలబడి, మోచేత్తో ఒక్క పోటు పొడిచి, "తలెత్తవే, కనిపెట్టింది నువ్వే" అనాలనిపిస్తుంది.