కుడి మూల తెలుపు

దుకాణం తలుపులు తీసే ముందు తొమొయొ చేతులు కడుక్కునేది. సబ్బుతో ఒకసారి కడిగి, వేళ్ళ సందులు తుడిచి, గోళ్ళ అంచులు వెలుతురుకి పట్టి చూసుకుని, మళ్ళీ వట్టి నీళ్ళతో కడిగేది. చలికాలంలో ఆ నీళ్ళకి వేళ్ళ కణుపుల దగ్గర చర్మం చిట్లి ఎర్రగా విచ్చుకునేది. అయినా క్రీము రాసేది కాదు. ఎంత తుడిచినా క్రీము జిడ్డు కార్డు మెరుపు మీద వేలిముద్రలా మిగిలిపోతుంది. మధ్యాహ్నం తినే అన్నం ముద్దని కూడా కాగితంతో పట్టుకునే తినేది. చలికాలమంతా ఆ చిట్లిన చేతులతోనే బల్ల ముందు కూర్చునేది.

ఒసాకాలోని నిప్పొన్‌బాషిలో, బొమ్మలూ పాత ఆటవస్తువులూ అమ్మే వీధి మధ్యలో, ఇరుకు మెట్లున్న రెండంతస్తుల ఇంట్లో ఉంది ఆ దుకాణం. కింది అంతస్తులో, పిల్లలూ పెద్దలూ పోగుచేసుకునే ఆట బొమ్మల కార్డులు అమ్ముతారు, పైన కొంటారు. కొనే బల్ల వెనక, దీపం పక్క కుర్చీ తొమొయొది. అంతకుముందు ఆమె ఇజుమిసానో వైపు ఒక తువాళ్ళ మిల్లులో పనిచేసింది. నడుస్తున్న బట్టలో తెగిన పోగుని పట్టుకోవడం అక్కడ ఆమె పని. మిల్లు మూతపడ్డాక ఈ బల్ల దగ్గరికి వచ్చింది. పోగైనా గీతైనా కంటికి ఒకటేనని మొదటి యజమాని అన్నాడట. ఆయన పోయి చాలాకాలమైంది. ఇప్పుడు దుకాణం చూసుకునే త్సుకుదా ఆమె దగ్గర పని నేర్చుకున్నవాడే.

ఆ దుకాణంలో ఒక పద్ధతి ఉంది. ధర చెప్పే ముందు కార్డులోని లోపాలన్నీ పైకి చదవాలి. వెదురు పుల్ల కొనతో చూపిస్తూ, తెచ్చినవాళ్ళ ముందే చదవాలి. "ఇక్కడ గీత. ఇక్కడ అంచు రంగు లేచింది. ఇక్కడ చిన్న వంపు." ఆ తర్వాతే ధర. చదవకుండా వదిలేసిన లోపం దుకాణం ఖాతాలో పడుతుంది, ధర చెప్పేశాక మాట వెనక్కి తీసుకోవడానికి లేదు. అందుకే దీపం పక్క కుర్చీలో ఎవరిని పడితే వాళ్ళని కూర్చోబెట్టరు.

ఏళ్ళ తరబడి ఆ పని చేసి తొమొయొ ప్రాణం విసిగిపోయింది. వచ్చేవాళ్ళు బల్ల మీద కార్డు పెట్టేటప్పుడు ఒకలా ఉండేవారు, తీసుకునేటప్పుడు ఇంకోలా ఉండేవారు. కొందరు ముఖం మాడ్చుకునేవారు. కొందరు మరీ వినయంగా తలవంచి వెళ్ళిపోయేవారు. వాళ్ళు వెళ్ళాక ఆమెకి ఇంకా నీరసంగా ఉండేది. ఇంటికెళ్ళి చెప్పులు విప్పి గడపలోనే కాసేపు కూర్చుండిపోయేది.

పోయిన చలికాలంలో ఎడమ కంట్లో ఒక మసక మొదలైంది. చూపు సరిగ్గా ఎక్కడ నిలుపుతుందో అక్కడే నీళ్ళు పడ్డ కాగితంలా చెదిరిపోయేది. కొన్నాళ్ళకి కుడి కన్ను కూడా అదే దారి పట్టింది. కంటి వెనక పొర పాడవుతోందని, సూది మందుతో అది ముదరకుండా ఆపొచ్చు కానీ పోయిన చూపు రాదని డాక్టరు చెప్పాడు. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. దీపం మసగ్గా ఉందని బల్బు మార్పించుకుంది.

"మొన్నేగా మార్చాం?" అన్నాడు త్సుకుదా, నిచ్చెన ఎక్కుతూ.

"ఇప్పుడొచ్చే బల్బులు అంతే."

"బల్బులేం చేస్తాయండీ, మీకు వయసొస్తోంది."

"నీకు రావట్లేదా? నెత్తి మీద చూసుకో, దీపం లేకపోయినా మెరుస్తోంది."

అతను నిచ్చెన మీదే పడీ పడీ నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. కొత్త బల్బు వెలిగింది. మసక అలాగే ఉంది. ఆ రోజు నుంచి ఆమె కార్డుని ముఖానికి దగ్గరగా పెట్టి, తల పక్కకి తిప్పి, కంటి కొనతో చూడ్డం నేర్చుకుంది. అలా చూస్తే కొంత దొరికేది. ఆ కుర్చీ పోతే తనకి ఇంకేం వచ్చని అడిగేవాళ్ళకి ఏం చెప్పాలో ఆమెకి తెలియదు. పోగులు చూసింది, గీతలు చూసింది. చూడ్డం తప్ప ఇంకో పని చేసింది లేదు.

బుధవారాలు ఇనుబుషి వచ్చేవాడు. ఒకప్పుడు వెనక వీధిలో బండి మీద టకొయాకి, అంటే ఆక్టోపస్ ముక్కల బోండాలు, వేసి అమ్మేవాడు. ఇప్పుడు బండి లేదు, మోకాళ్ళు లేవు, నోరు మాత్రం ఉంది. అతని దగ్గర ఉన్నది ఒకే ఒక్క కార్డు, చంద్రనక్క. పిల్లలకి బహుమతిగా పంచడానికి కొన్న కార్డు పొట్లాల్లో ఒకటి మిగిలిపోతే, బండి తీసేసిన రోజు తనే చింపాడు. నూనె చేతులతో తొందరపడి చింపడంలో కుడివైపు కింది మూల నలిగి, రంగు లేచి లోపలి తెల్ల అట్ట బయటపడింది. అతను ఆ కార్డుని ఎప్పుడూ అమ్మలేదు. మెట్లెక్కి, చీటీ తీసుకుని, పిలిచేదాకా కూర్చుని, లోపాలు చదివించుకుని, ధర విని వెళ్ళిపోయేవాడు.

"వ్యాపారం ఎలా ఉంది, చెల్లెమ్మా?"

"ఏదో నడుస్తోంది. ఇవాళైనా అమ్ముతారా?"

"అమ్మేస్తే వచ్చే బుధవారం నేనెక్కడికి పోవాలి?"

"ఆసుపత్రికి పోండి. అక్కడ కూడా చీటీ ఇస్తారు."

"అక్కడ నాలో ఉన్న లోపాలన్నీ చదివి, చివరికి ధర నన్నే కట్టమంటారు!"

వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. తొమొయొ కార్డు అందుకునేది. ఆమె "కుడివైపు కింది మూల, తెలుపు" అన్నప్పుడల్లా అతను కూడా ఆమెతో పాటు పెదాలు కదిపేవాడు, గుడిలో మంత్రం తెలిసినవాడిలా. ఆమెకి ఒక్కోసారి ఆ ముసలాయన్ని చూస్తే చిరాకేసేది. పని లేని మనిషి, పనిలో ఉన్నవాళ్ళని కూర్చోబెడతాడని.

ఏప్రిల్‌లో ఒక బుధవారం, బయట వాన. ఇనుబుషి గొడుగు మెట్ల దగ్గర పెట్టి, చంద్రనక్కని తొడుగుతో సహా బల్ల మీద పెట్టాడు. తొమొయొ తొడుగు తీసి దీపం కింద కార్డుని వాల్చింది. నక్క వెండి తోక మెరిసింది. ఆమె తల పక్కకి తిప్పింది, మళ్ళీ తిప్పింది. వేళ్ళు నొప్పిగా ఉన్నాయి. పొద్దుట నుంచి చూసిన కార్డులన్నీ కళ్ళల్లో ఒకదాని మీద ఒకటి తేలుతున్నాయి. ఎవరి కార్డు చూస్తోందో కూడా ఆ క్షణం ఆమెకి ధ్యాస లేదు.

"వెనక వైపు సన్న గీత ఒకటి," అంది వెదురు పుల్లతో చూపిస్తూ.

ఇనుబుషి పెదాలు సిద్ధంగా పెట్టుకుని చూస్తున్నాడు.

"అంచులు శుభ్రం. మూలలు నాలుగూ శుభ్రం."

అతని పెదాలు కదల్లేదు. ఆమె ధర చెప్పింది. ఎప్పుడూ చెప్పేదానికి అది దాదాపు రెట్టింపు. పక్క బల్ల దగ్గర పెట్టెలు సర్దుతున్న త్సుకుదా తలెత్తాడు. చంద్రనక్క ధర అతనికి కూడా కంఠతా వచ్చు.

"అబ్బో, ధర పెరిగిందే! తాతగారూ, ఇవాళ అమ్మేస్తారేమో?" అన్నాడు.

ఇనుబుషి కార్డు మీద చెయ్యి పెట్టాడు. అమ్ముతానని ఒక్క మాట అంటే చాలు, దుకాణం ఆ ధర ఇచ్చుకోవాలి. ఆ తర్వాత త్సుకుదా కార్డుని తన చేత్తో దీపం కింద పెట్టుకునేవాడు, నలిగిన మూల అతని కంట పడేది.

"అమ్మను," అన్నాడు ఇనుబుషి, గబగబా కార్డుని తొడుగులో దోపుకుంటూ. "ధర పెరుగుతోందిగా, ఇంకా పెరగనీ. మేమిద్దరం ఇంకా ముదురుతాం."

త్సుకుదా నవ్వి పెట్టెల్లో తల పెట్టాడు. ఇనుబుషి గొడుగు కోసం మెట్ల దాకా వెళ్ళి, మోకాలు పట్టేసినట్టు ఆగి, చెయ్యి ఊపాడు. తొమొయొ లేచి వెళ్ళింది.

"చెల్లెమ్మా, మన మూల మాట ఇవాళ రాలేదు."

అప్పుడు తెలిసింది ఆమెకి. "మర్చిపోయాను. పొద్దుట నుంచి తల పగిలిపోతోంది."

"మర్చిపోతే చెప్పకుండా ఊరుకుంటావు. నువ్వు చూశావు. చూసి, శుభ్రం అన్నావు." అతను గొంతు ఇంకా తగ్గించాడు. "మా ఆవిడ కళ్ళకీ ఇలాగే మొదలైంది. ఉప్పు డబ్బా చేతిలో పట్టుకుని ఉప్పెక్కడని అడిగేది. నేను ఎవరితోనూ అనను. కానీ లోపం కంఠతా వచ్చిన నాలాంటి సోదిగాడు ప్రతి చీటీకీ దొరకడు కదా."

గొడుగు తీసుకుని, గోడ పట్టుకుని ఒక్కో మెట్టే దిగిపోయాడు.

ఆమె వచ్చి కూర్చుంది. తర్వాతి చీటీ పిలిచింది. ఆఫీసు నుంచి నేరుగా వచ్చినట్టున్న ఒక అమ్మాయి తడి కోటు విప్పకుండానే, సంచీలోంచి గట్టి పెట్టె తీసి రెండు చేతులతో అందించింది. అందులో ఒకే కార్డు. "ఇంటి అద్దె కట్టాలి, అందుకని..." అని ఏదో చెప్పబోయి ఆగిపోయింది. తొమొయొ కార్డుని వాల్చింది. అది మెరిసింది, అంతా బాగున్నట్టే ఉంది. చంద్రనక్క కూడా ఇప్పుడే అంతా బాగున్నట్టు కనిపించింది. ఉన్న లోపం చూడకపోతే దుకాణానికి నష్టం. లేని మసకని లోపం అనుకుంటే ఈ అమ్మాయికి. ఆ రెండింటిలో తను ఏది చేయబోతోందో ఆమెకే తెలియలేదు.

వెదురు పుల్ల కింద పెట్టింది.

"త్సుకుదా గారూ, ఇది మీరొకసారి చూడండి."

"నేనా? మీరుండగా నేనెందుకండీ? మళ్ళీ బల్బు పోయిందా?"

"బల్బుకేం కాలేదు. నా కళ్ళు పోతున్నాయి. చలికాలం నుంచీ."

త్సుకుదా చేతిలోని పెట్టె కింద పెట్టాడు. ఆ అమ్మాయి ఎటు చూడాలో తెలియక తడి కోటు గుండీలు చూసుకుంది. అతను వచ్చి పక్కన నిలబడ్డాడు. తొమొయొ లేచి కుర్చీ అతనికి జరిపింది. అతను కూర్చోలేదు, నిలబడే చూశాడు. "పైఅంచు, కొద్దిగా తెలుపు," అని మెల్లగా చదివాడు. పాఠం అప్పజెప్పేటప్పుడు చూసినట్టు ఆమె వైపు చూశాడు.

"నన్ను చూడకు, కార్డు చూడు," అంది తొమొయొ.

ఇప్పుడు ఆమె కింది అంతస్తులో పార్సిళ్ళు కడుతుంది. కార్డులు తొడుగుల్లో, గట్టి అట్టల మధ్య భద్రంగా వస్తాయి. వాటిని పెట్టెలో పెట్టి టేపు వెయ్యడమే పని. చిరునామాలు పెద్ద అక్షరాల్లో అచ్చవుతాయి. నెలకోసారి కంట్లో సూది వేయించుకుంటుంది. బుధవారాలు ఇనుబుషి పైకెళ్ళి ధర విని, దిగేటప్పుడు ఆమె బల్ల దగ్గర ఆగి "మూల చెప్పాడులే" అని వెళతాడు. ఆమె సొరుగులో యుజు నిమ్మ వాసన వేసే చేతి క్రీము గొట్టం ఒకటుంది, సగం అయిపోయింది.