ముప్పై ఒకటో పేజీ

పోయిన రంజానుకీ ఈ రంజానుకీ మధ్య అసబే నలభై మూడు నవలలు చదివింది. లెక్క నాకెలా తెలుసంటే, పుస్తకం అయిపోయినప్పుడల్లా ఒక తెల్ల టోపీ మీద ఒక పువ్వు కుట్టేది. ఒక పువ్వుకీ ఇంకో పువ్వుకీ పొంతన లేదు. అలాంటి టోపీ మా కానో ఊరి బజారులో ఎవడూ కొనడు. అది ఇప్పుడు నా చేతిలో ఉంది. చివరి పువ్వు దగ్గర కుట్టు వంకరపోయింది. ఆ వంకరలో నా పాపం కూడా ఉంది.

నా పేరు దేలూ. మొగుడు పోయినదాన్ని, నలభై ఏళ్ళుగా టోపీలు కుట్టి బతుకుతున్నదాన్ని. మా ఇంటికీ అసబే ఇంటికీ మధ్య ఒకటే మట్టిగోడ, అందులో ఆడవాళ్ళు వచ్చిపోవడానికి ఒక చిన్న తలుపు. మధ్యాహ్నం ప్రార్థన అయ్యాక ఐదుగురం ఆమె వాకిట్లో చేరేవాళ్ళం. నలుగురం కుట్టేవాళ్ళం, అసబే చదివేది. పెళ్ళయిన ఆడవాళ్ళకు పెట్టిన బడిలో నేర్చుకుంది అక్షరాలు. కథలో అత్త కోడల్ని ఏడిపిస్తుంటే నేను నోరు మూసుకోలేక తిట్టేదాన్ని. ఆ అత్తకి నీ తిట్లు వినబడవు పిన్నీ, సూది చూసుకో అని మిగతావాళ్ళు నవ్వేవాళ్ళు. ఆ ఏడాదంతా మాకు అదే ఊరు, అదే లోకం.

అసబే మొగుడు తనీము మా టోపీలు బజారులో అమ్ముతాడు. మంచివాడే, కోపం మాత్రం ముక్కు మీద ఉంటుంది. సాయంత్రం గుమ్మం ముందు చాప పరిచి, స్నేహితుల మధ్య పత్రిక విప్పి కూర్చుంటాడు. దేశంలో ఏం జరిగిందో ఆయన చెబితేనే వీధికి తెలిసేది. అందరూ ఆయన్ని పత్రిక మాలం, అంటే పత్రిక పంతులు అంటారు. నిజానికి ఆయనకు వచ్చినవి చిన్నప్పుడు ఖురాను బడిలో నేర్చిన అరబీ అక్షరాలే. పత్రికలో అక్షరాలు రావు. వ్యాపారస్థుడు కాబట్టి అంకెలు వచ్చు. పొద్దున్నే ఆయన జావ తాగుతుంటే అసబే పక్కన కూర్చుని గొంతు తగ్గించి పత్రిక చదివి వినిపించేది. సాయంత్రానికి ఆయన అదంతా కాగితం మీదే చూపు పెట్టి అప్పజెప్పేవాడు. ఇంట్లో నవలలు చదవనిచ్చింది అందుకేనని ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ పైకి అనలేదు. గోడ ఇవతల ఉన్న నాకూ తెలుసు. నేనూ అనలేదు.

ముప్పై నాలుగో పుస్తకం ఒక నవలకు మొదటి భాగం. అందులో నాయిక మొగుడు ఏదో దాస్తుంటాడు. అదేమిటో చెప్పకుండానే పుస్తకం అయిపోయింది. మా దగ్గర రాసేవాళ్ళు అట్ట వెనక తమ ఫోన్ నంబరు వేస్తారు. ఈ నవల రాసినావిడ నంబరు వేసి, ఆ మొగుడు ఏం దాస్తున్నాడో మీకేమనిపిస్తోంది, ఫోన్ చేసి చెప్పండి అని అడిగింది.

“నువ్వే చెప్పవే,” అన్నాను నేను. “ఇన్నాళ్ళుగా చదువుతున్నావు. అడిగేవాళ్ళు దొరికాక నోరు పడిపోయిందా?”

అని నా ఫోనే చేతిలో పెట్టాను. ఆమె వంటింటి చాటుకు వెళ్ళి మాట్లాడింది. నేను టోపీ అంచు సగం కుట్టేదాకా మాట్లాడింది. తిరిగొచ్చినప్పుడు ముఖం వెలిగిపోతోంది. ఏం చెప్పావే అంటే, ఊరికే మాట్లాడాను పిన్నీ అంది.

మూడు నెలలకు రెండో భాగం వచ్చింది. అది నలభై మూడోది. మొదటి పేజీలో మామూలుగానే పాఠకులకు కృతజ్ఞతలు, పేర్లూ పేటలూ సహా. అసబే హుషారుగా పేర్లు చదువుతూ చదువుతూ ఆగిపోయింది. తల నొప్పి అని పుస్తకం మూసేసింది. అందరూ వెళ్ళాక నా చెయ్యి పట్టుకుని ఆ వరుస చదివింది: “టోపీల తనీము భార్య అసబేకి, తన ఇంటి మాట నాతో పంచుకున్నందుకు.” ఎనిమిదేళ్ళ కాపురంలో మొగుడి పేరు నోటి మీదికి రానివ్వని మనిషి. ఎవరి భార్యవమ్మా అని ఆవిడ అడిగితే చెప్పేసిందట.

తర్వాత ముప్పై ఒకటో పేజీ తీసింది. పత్రిక చదవడం రాని మొగుడు, పొద్దున్నే చదివిపెట్టే పెళ్ళాం, ఉన్నదున్నట్టుంది. చివర ఆ పెళ్ళాం స్నేహితురాళ్ళకు ఈ సంగతి చెప్పి పొట్ట పట్టుకుని నవ్వుతుంది.

“నేను నవ్వలేదు పిన్నీ. ఆయన్ని చూస్తే నాకు జాలి. అదే చెప్పాను.”

“మరి ఆవిడ నవ్వించిందేం?”

“కథ కదా,” అంది అసబే.

నవలల్లో మొగుడు మూడుసార్లు తలాక్ అనే ఆ మాట అనేస్తే, పది పేజీలు తిరిగేసరికి నాయికకు ఇంకో మంచివాడు దొరుకుతాడు. మా వీధిలో అలా జరగదు. బావి పక్కింటి ఆమె ఇంతకంటే చిన్న తప్పుకే గిన్నెలూ చాపా నెత్తిన పెట్టుకుని పుట్టింటికి పోయింది. పిల్లలు తండ్రి దగ్గరే ఉండిపోయారు. అసబేకి ముగ్గురు. చిన్నది మొన్ననే పాలు మానింది. పైగా ఈ నవలను రేడియోలో చదువుతారని తెలిసింది. అది కూడా సాయంత్రం, మగవాళ్ళంతా గుమ్మం ముందు చేరే వేళకు. ఆ వారం ఆమె అన్నం తినలేదు. ఫోన్ ఇచ్చిన పాపానికి నాకూ ముద్ద దిగలేదు.

మొదటిరోజు రేడియోలో పేర్లు చదివారు. మాలం పేరు రేడియోలో వచ్చిందని స్నేహితులు చప్పట్లు కొట్టారు. తనీము కూడా నవ్వాడు. లోపల అసబే పిల్లను గట్టిగా హత్తుకుంటే పిల్ల ఏడ్చింది. మూడోరోజు ఆ పేజీ వచ్చింది. బయట మగవాళ్ళు విరగబడి నవ్వారు. అందులో ఒకడు, ఏదీ మాలం, నీ పత్రిక ఇటివ్వు, తలకిందులుగా పట్టుకున్నావేమో చూద్దాం అన్నాడు. వేళాకోళానికే అన్నాడనుకుంటా.

కాసేపటికి తనీము లోపలికొచ్చి చాప మీద కూర్చున్నాడు. నేను చిన్న తలుపు దగ్గరే నిలబడిపోయాను. పుస్తకం తెచ్చి మొదటినుంచి చదవమన్నాడు. అసబే చదివింది. పేజీ పేజీకీ ఆయన చూపు కింది అంకె మీదే ఉంది. ముప్పై అయ్యాక ఆమె గబుక్కున ఆకు తిప్పేసింది.

“ముప్పై చదివావు,” అన్నాడాయన. “దాని ఎదురుగా ఉన్నది చదవకుండా తిప్పావు. ముప్పై ఒకటి ఏమైంది?”

వెనక్కి తిప్పింది. చదివింది. ప్రతి మాటా చదివింది. నవ్వు దగ్గరికొచ్చి ఆగింది.

“మిగతాదంతా నేను చెప్పిందే. ఈ నవ్వు నాది కాదు. ఒట్టు, నేను నవ్వలేదు.”

ఆయన గొంతు సవరించుకున్నాడు. నా చెల్లెలి మొగుడు ఆ మాట అనేముందు ఇలాగే సవరించుకున్నాడు. ఒక్కసారి అన్నా సరే, రెండోసారి అనకముందే నేను వెళ్ళి కాళ్ళ మీద పడదామనుకున్నాను, ఫోన్ నాదని చెబుదామనుకున్నాను. గడప దాటలేదు.

“ముప్పై రెండు,” అన్నాడు తనీము.

అసబేకి అర్థం కాలేదు.

“తర్వాతది ముప్పై రెండు కదా. చదువు.”