డ్రమ్ములోని శాలువాలు

మా పిల్లలకు డ్రమ్స్ నేర్పిన పెద్దాయన కెనడాలోని కాల్గరీలో మా వీధి చివర ఉండేవారు. బ్లూస్ పాటలు తనే రాసి, డ్రమ్స్ వాయిస్తూ పాడేవారు. మా తెలుగు సంఘం ఏటా ఉగాదికి ఆయన్ని పిలిచి శాలువా కప్పి, ఆ తర్వాత పాడమనేది. సన్మానమే నలభై నిమిషాలు సాగేది కనుక, పాట రెండో చరణంలో ఉండగానే భోజనాల వేళయ్యేది. కార్యదర్శి సైగ చేసేవారు. మైకు ఆపేది నేనే.

"మిగతాది వచ్చే ఏడు పాడతాలే" అని నవ్వేవారు ఆయన. మళ్లీ ఏడు మొదటి నుంచే ఎత్తుకునేవారు.

ఒకసారి వాళ్ల బేస్‌మెంట్‌లో చూస్తే, పెద్ద డ్రమ్ము లోపల మా శాలువాలన్నీ కుక్కి ఉన్నాయి.

"మోత తగ్గించడానికి ఇంత మంచి బట్ట ఎక్కడా దొరకలేదు. మీవాళ్లకు థాంక్స్ చెప్పు" అన్నారు.

ఈ చలికాలంలో ఆయన పోయారు. సంతాప సభలో ఫొటోకి కూడా శాలువా కప్పాం. ఎనిమిది మంది మాట్లాడారు. చివర్లో ఆయన పాట రికార్డింగ్ పెట్టాను. రెండో చరణం రాగానే కార్యదర్శి నా చెవి దగ్గరికి వంగారు.

"సార్, ఫుడ్ చల్లారిపోతోంది. కట్ చేసేద్దామా?"

అలవాటుగా నా చెయ్యి బటన్ మీదికి వెళ్లింది. ఆయన దగ్గర నేర్చుకున్న మా అమ్మాయి ఆ చెయ్యి పట్టుకుంది.

"లెట్ హిమ్ ఫినిష్, నాన్నా."

పాట పూర్తయింది. మొత్తం నాలుగు నిమిషాలే. ఫుడ్ ఇంకా వేడిగానే ఉంది.