టెరిలిన్ అంగీలో రవ్వలు

ఈ రోజు చీకటితోనే లేచి, మొదటి షిఫ్టుకు పోయే ముందు మా కొడుకు ఉన్ని స్వెట్టర్ విప్పాడు. లోపలి టెరిలిన్ అంగీ చిటపటమని నీలిరంగు రవ్వలు రాల్చింది. అంగీ అంటుకుందేమోనని దగ్గరికి ఉరికాను.

"గదేం గాదు బాపమ్మా, రెండు బట్టలు రాసుకుంటే కరెంటు పుడుతది. మా సారు దువ్వెనతోని చూపెట్టిండు," అంది ఎనిమిదో తరగతి మనవరాలు.

ఆ మాటతో భయం ఇంకా పెరిగింది. భూపాలపల్లి బొగ్గుబాయిలో రవ్వ తగిలితే అంటుకునే గ్యాసు ఉంటుందని కొడుకే చెప్పాడు. అందుకే బీడీలు, అగ్గిపెట్టెలు ఉన్నాయేమోనని జేబులు తడిమి చూసిగాని లోపలికి దింపరు.

"జేబులు చూస్తరు సరే, అంగీల కరెంటు ఎవరు చూస్తరు బిడ్డా? నూలుది తొడుక్కో," అన్నాను కొడుకుతో.

"గింత రవ్వకు బాయి కాల్తదానే అవ్వా? నీ పరేషాన్‌తోని నాకు లేటయితది," అని నవ్వుతూ పోయాడు.

షిఫ్టు దిగి వచ్చేదాకా నూలు అంగీ ఒళ్లో పెట్టుకొని గడపలోనే కూర్చున్నాను.

"చూసినవా, కాల్లేదు," అన్నాడు, మసి మొహంతో.

వాడు స్నానానికి పోగానే ఆ టెరిలిన్ అంగీని బకెట్లో ముంచి, పిండకుండానే వదిలేశాను. రేపటికి ఆరదు. ఎల్లుండికి ఏం చేయాలో తోచడం లేదు. మీ ఇళ్లలో బాయి దిగేవాళ్లు ఏం తొడుక్కుని పోతున్నారు, ఇది చదివే తల్లులారా?