గుర్రాల మీద ఫిర్యాదు రాసింది నేనే

ఆటలో గుర్రాల బలం తగ్గించమని కంపెనీకి రాసింది ధర్మవరం మగ్గమన్న కాదు, నేను. మా గ్రూపులో కొత్తగా చేరే ప్రతివాడికీ ఆయన్ను వెన్నుపోటు పొడిచినవాడిగా చూపిస్తున్నారు. అది అబద్ధం. అది పుట్టిన రోజు నేను అక్కడే ఉన్నాను, నోరు మూసుకుని ఉన్నాను.

ముందు ఆట గురించి చెప్పాలి. ఫోన్‌లో ఆడేది. పాతకాలపు కోట, ఇటు ముప్పై మంది, అటు ముప్పై మంది. అందరూ ఎక్కడెక్కడో ఫోన్లు పట్టుకుని కూర్చున్న నిజమైన మనుషులే. కత్తో బల్లెమో పట్టుకుని కాలినడకన పోరాడొచ్చు, లేదా ఈటె పట్టుకుని గుర్రమెక్కొచ్చు. కరోనా రోజుల్లో మేం ఆరుగురం దీనికి తగులుకున్నాం. అందరం నలభై దాటినవాళ్లమే. ఐదుగురం మెట్ట రైతులం: రాప్తాడు దగ్గర ఒకరు, లేపాక్షి వైపు ఇద్దరు, యాడికి వైపు వేర్వేరు ఊళ్లలో నేనూ ఇంకొకరు. ఆరో మనిషి ధర్మవరంలో పట్టుచీరలు నేసే మగ్గమన్న. మధ్యాహ్నం అన్నం తిన్నాక చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, ఒకరినొకరు తిట్టుకుంటూ గంటసేపు ఆడేవాళ్లం. ఈ వయసులో ఫోన్‌లో గుర్రం తోలడమేమిటని నవ్వేవాళ్లు నవ్వుకోండి. వరసగా చెనక్కాయ పంట పోగొట్టుకున్నవాడికి గెలవడానికి ఏదో ఒకటి ఉండాలి.

రైతులం ఐదుగురమూ గుర్రాల మీదే. రాప్తాడు ఆయన మా అందరికీ పెద్దన్న. మగ్గమన్న ఒక్కడే బల్లెం పట్టుకుని నడిచేవాడు.

"ఏమప్పా, కాళ్లు నొప్పి పుట్టలేదా? గుర్రమెక్కు" అని పెద్దన్న ఎగతాళి చేసేవాడు.

"పొద్దంతా మగ్గం గుంతలో కాళ్లాడిస్తాండా. ఈడన్నా నిలబడనీ. మీ గుర్రాల్ని ఒకనాడు కట్టేపిస్తా, సూడండి" అనేవాడు మగ్గమన్న.

నవ్వులాటకే అన్నాడు. తర్వాత ఆ మాటే ఆయన మెడకు చుట్టుకుంది.

అప్పట్లో ఆ గుర్రాలకు అలుపు లేదు. ఒక్క పరుగులో ఏడెనిమిది మందిని తొక్కుకుంటూ పోయేవి. ఒకరోజు సాధన కోసం మేం ఆరుగురం ముగ్గురు ముగ్గురుగా విడిపోయి ఆడాం. కోట వాకిట్లో మగ్గమన్న బల్లెం నేలకు ఆనించి, మొనను నా గుర్రం రొమ్ముకు సరిగ్గా ఎదురుగా పెట్టి, కదలకుండా నిలబడ్డాడు. ఏ న్యాయాన చూసినా నేను పడాలి. పడింది ఆయన. నా గుర్రం వేగం కూడా తగ్గలేదు. చెవుల్లో అందరూ ఈలలు వేశారు. ఆయన మాత్రం మెల్లగా అడిగాడు.

"సరిగ్గానే నిలబడినా గదప్పా?"

"సరిగ్గానే నిలబడినావన్నా" అన్నాను.

ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. అదనులో విత్తి, కలుపు తీసి, చివరికి ఎండిన చేను చూసినవాడికి అది కొత్తేమీ కాదు. వాన మీద ఎవరికి ఫిర్యాదు చేస్తాం? ఆటకైతే కంపెనీ ఉంది.

కొన్నాళ్లకు వాన పడింది. మా వైపు వాన ఒక ఊరిని తడిపి పక్క ఊరిని వదిలేస్తుంది. ఆ రాత్రి మాత్రం మా ఆరుగురి ఊళ్లలోనూ పడింది. తెల్లారేసరికి నేలలో విత్తనానికి సరిపడా తడి, మంచి పదును. పదును మీద ఉన్న రైతు ఫోన్ ముట్టడు. విత్తే గొర్రు కట్టుకుని చేనికి పోతాడు. నేను పోలేదు. ఇంకో పంట పోగొట్టుకోలేక, ఆ ఏడు విత్తకూడదని నేనూ నా భార్యా ముందే అనుకున్నాం. అనుకోవడం తేలికే. ఊరంతా చేలల్లో ఉంటే ఇంట్లో కూర్చోవడం కష్టం. తలుపు దగ్గరకు వేసుకుని కూర్చున్నాను. గ్రూపులో పెద్దన్న అడిగితే "నాలుగెకరాలు విత్తతాండా" అని రాశాను. ఆ తర్వాత ఏం తోచక, ఎవరి వైపు నుంచైనా చూడగలిగే పాత ఆటల రికార్డింగు తీసి, మగ్గమన్న నిలబడిన ఆ ఘడియను ఆయన వైపు నుంచి కనపడేలా కత్తిరించి, ఆటగాళ్లు ఫిర్యాదులు రాసే పేజీలో మారుపేరుతో పెట్టాను. "ఈ మనిషి తప్పేమీ చేయలేదు. అయినా ఎందుకు చచ్చాడు?" అని నాకొచ్చిన ఇంగ్లీషులో అడిగాను.

రెండు నెలలకు ఆట మారింది. గుర్రానికి అలుపు వచ్చింది. మనిషిని గుద్దితే వేగం తగ్గింది. నాటిన బల్లెం మీదికి పోతే రౌతు కింద పడతాడు. మార్పులకు కారణమిదంటూ కంపెనీ నా ఫిర్యాదునే చూపించింది. మావాళ్లు అది తెరిచి చూశారు. మా ఆటే, మగ్గమన్న వైపు నుంచి. పైగా కింద తేదీ ఉంది.

"ఆ పొద్దు పదును" అన్నాడు పెద్దన్న, అందరం వింటుండగా. "మనమంతా సేన్లలో ఉండాము. ఇంటికాడ కూసోని రాసేంత తీరిక ఎవరికుండాది? మగ్గానికి పదునుతో పనేముండాది?"

"నేను కాదప్పా" అన్నాడు మగ్గమన్న.

"గుర్రాల్ని కట్టేపిస్తానంటివే!"

"అంటి. నేనే రాసింటే మీసం మెలేసి చెప్పుకుందును. దాసుకునేదేముండాది?"

నేను రాశానంటే, ఆ రోజు చేనికి పోలేదని కూడా చెప్పాలి. నాలుగెకరాల అబద్ధం బయటపడుతుంది. ఊరుకున్నాను. పెద్దన్న ఆయన్ను గ్రూపు నుంచి తీసేశాడు.

అంతటితో ఆగినా బాగుండేది. మగ్గమన్న వేరే జట్టులో చేరాడు. ఎప్పుడు ఎదురుపడినా మావాళ్లు గెలుపు సంగతి వదిలేసి ఐదు గుర్రాలూ ఆయన మీదికే తోలేవాళ్లు. ఒక్క బల్లెం ఒక గుర్రాన్ని ఆపుతుంది, ఐదింటిని ఆపలేదు. ఆయన పేరు మార్చుకుంటే, నిలబడే తీరు చూసి మళ్లీ పట్టుకున్నారు. ఆ ఐదు గుర్రాల్లో ఒకటి నాది. చివరికి ఆయన ఆటలో కనపడడమే మానేశాడు. రెండేళ్ల తర్వాత, మొన్న, గ్రూపులో కొత్తగా చేరిన ఒకతను "ఎవరప్పా మీరు చెప్పే ఆ చీరల దొంగ?" అని అడిగాడు. అందరూ నవ్వారు. మరుసటి రోజు పొద్దున్నే ధర్మవరం బస్సెక్కాను.

మగ్గమన్న గుంతలో కూర్చుని నేస్తున్నాడు. నన్ను చూసి కూడా మగ్గం ఆపలేదు. నిలబడే చెప్పాను: ఫిర్యాదు, పదును, నాలుగెకరాలు, అన్నీ.

"నాకెందుకు చెప్తాండావప్పా?" అన్నాడు. "నేను రాయలేదని నాకు తెలుసు గదా."

అక్కడి నుంచే పెద్దన్నకు ఫోన్ చేసి, ఆయనకు వినపడేలా స్పీకర్ పెట్టాను. పెద్దన్న అంతా విని మొదట అడిగింది గుర్రాల గురించి కాదు.

"అయితే ఆ పొద్దు నువ్వు విత్తలేదా?"

"విత్తలేదు. ఈ ఏడూ విత్తను. నా నేల, నా ఇష్టం."

పెద్దన్న గొంతు తగ్గించాడు. "సరేలే. ఆయప్పను మళ్లీ చేర్చుకుంటా. నువ్వు రాసినావని మాత్రం గ్రూపులో పెట్టొద్దు. మన రౌతే మన గుర్రాల్ని పడేసినాడంటే కొత్తోళ్ల ముందర మన మర్యాదేం గానూ?"

మగ్గం ఆగింది. "సాటుగా చేర్చుకునేటట్లయితే నాకొద్దని చెప్పు" అన్నాడు మగ్గమన్న.

ఫోన్ పెట్టేసి గ్రూపులో రాశాను: ఫిర్యాదు చేసింది నేను, మగ్గమన్న కాదు. ఆ మార్పు సరైనదే, ఈ రోజైనా అదే రాస్తాను. రాసినందుకు కాదు, ఊరుకున్నందుకు సిగ్గుపడుతున్నాను. ఎంతమంది చదివారో తెలీదు. కాసేపటికి పెద్దన్న దాన్ని తుడిపేసి, నన్నూ తీసేశాడు. అందుకే ఇక్కడ, అందరూ చదివేచోట రాస్తున్నాను.

మగ్గమన్న నా ఫోన్ తీసుకుని చూశాడు. "నాకూ ఇట్లే చేసినారు" అన్నాడు. క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు. లోపలికి తిరిగి, వడ్డించమని భార్యకు కేక వేశాడు.

"ఒద్దులేన్నా, బస్సుకు పోవల్ల" అన్నాను.

"ఇంత దూరమొచ్చి చెప్పినావు. తిని పో."

కూర్చున్నాను.